దూరపు కొలువు

2005 సెప్టెంబరులో ఎస్క్వైర్ అనే అమెరికన్ పత్రికలో ఏ.జె. జేకబ్స్ ఒక సరదా వ్యాసం రాశాడు. న్యూయార్కులో కూర్చుని తన ఆఫీసు పనులూ ఇంటి పనులూ బెంగళూరులోని ఇద్దరు సహాయకురాళ్లకు ఒప్పజెప్పేసి, ఆ రోజులు ఎలా గడిచాయో చెప్పాడు. భార్యతో మాటామాటా వస్తే సర్దుబాటు మాట బెంగళూరు నుంచే వెళ్లింది. ఒక వ్యవహారం తేలక దిగులుగా ఉందంటే, ఆ దిగులేదో రోజూ మీ బదులు నేను పడతాను, మీరు నిశ్చింతగా ఉండండి అని ఒకామె భరోసా ఇచ్చింది. వర్చువల్ అసిస్టెంట్ అనే కొత్తరకం ఉద్యోగిని లోకానికి పరిచయం చేసిన రాతల్లో అది ముందువరసలోది. రెండేళ్ల తర్వాత టిమ్ ఫెరిస్ తన 'ది ఫోర్ అవర్ వర్క్ వీక్' పుస్తకంలో దాన్ని చేర్చుకోవడంతో ఇంకా చాలామంది చదివారు.

అందరూ దిగులు సంగతి చెప్పుకుని నవ్వుకున్నారు. నా మనసు మాత్రం అందులోని ఒక ఈమెయిలు మీదికి పోయింది. కొలరాడో రాష్ట్ర పర్యాటక విభాగంవాళ్లు జేకబ్స్‌కు అదేపనిగా ప్రచార ప్రకటనలు పంపుతుండేవారు. వాటిని ఎలాగైనా ఆపించమని బెంగళూరుకు చెప్పాడు. అక్కడి అమ్మాయి రాసిన జవాబు కొన్ని చిన్న వాక్యాలు. మీరు పంపేవి తప్పకుండా ఆసక్తికరమైన విషయాలే అంది. అయితే మా పత్రికకు సరిపడేవి కావంది. మీరు ఎంతో శ్రమపడి పంపుతున్నారని మాకు తెలుసంది. చదవడానికే బోలెడు సమయం పోతోంది, దీనివల్ల మీకూ ప్రయోజనం లేదు, మాకూ లేదంది. ఆ తర్వాతే అసలు మాట: ఇక పంపడం ఆపండి. అక్కడితో వదిలేయలేదు. మీ పనిని కించపరచాలని కాదు, మీరూ అర్థం చేసుకుంటారనుకుంటాం అని ముగించింది.

ఆ ఇంగ్లీషు న్యూయార్కు ఇంగ్లీషు కాదు. వాక్యాలు అక్కడక్కడా బిగుసుకుపోయి ఉంటాయి. పనితనం మాత్రం ఎంత శుభ్రంగా ఉందో చూడండి. కాదనే మాట నడిమధ్యలో ఉంది, రెండు వైపులా మర్యాద కాపలా ఉంది. మన ఇళ్లలో పెద్దవాళ్లు వచ్చిన సంబంధం వద్దని కబురు చేసే తీరు ఇదే: పిల్లవాడు బంగారం, మీ ఇల్లు మాకు తెలియనిదా, కాకపోతే జాతకాలు... అని. ఆ నేర్పు ఏ కంప్యూటర్ కోర్సులోనూ వచ్చింది కాదు. జేకబ్స్ లాంటి కలం పట్టినవాడే ఆ ఉత్తరానికి ముచ్చటపడి పత్రికలో పెట్టుకున్నాడు. కొలరాడో వాళ్లకు అది ఎవరు రాశారో తెలియాల్సిన అవసరం లేదు. ఈ వృత్తిలో మంచి పని చాలావరకు అలాంటిదే. జరగకుండా పోయిన చికాకు రూపంలో అది ఉంటుంది కనుక, దాన్ని మెచ్చుకోవాలంటే పనిగట్టుకుని వెతకాలి. ఈ వ్యాసం ఆ వెతుకులాటే.

జేకబ్స్ సహాయకురాళ్లు ఇద్దరిలో ఒకరు పనిచేసిన సంస్థ బ్రిక్‌వర్క్, కర్ణాటక ప్రభుత్వంలో ఐటీ కార్యదర్శిగా చేసిన వివేక్ కులకర్ణి పెట్టింది. రెండోది 'యువర్ మ్యాన్ ఇన్ ఇండియా', టీటీకే గ్రూపు వాళ్లది. తర్వాత గెట్‌ఫ్రైడే అయింది. పరాయి దేశాల్లో ఉన్న మనవాళ్లకు ఇండియాలో పడే పనులు చక్కబెట్టిపెట్టడం దీని తొలి ఆలోచన. దీని దగ్గరికి మళ్లీ వస్తాను.

ఇదంతా బెంగళూరు. కర్నూలు జిల్లా పడమటి అంచున ఉన్న హాలహర్వికి బెంగళూరు కొత్త ఊరేమీ కాదు, కాకపోతే పరిచయం ఇంకో దారిలో అయింది. జడ్చర్ల నుంచి వచ్చే 167వ నంబరు జాతీయ రహదారి మంత్రాలయం, ఎమ్మిగనూరు, ఆదోని, ఆలూరు దాటి హాలహర్వి మీదుగా కర్ణాటకలో హగరి దగ్గరికి చేరుతుంది. ఇటు మొగ్గితే ఆదోని పత్తి మార్కెట్టు, అటు మొగ్గితే బళ్లారి. వానను నమ్ముకున్న పొలాలు. పంట చేతికి రాకపోతే, వచ్చినా అప్పుకే చాలకపోతే, ఈ చుట్టుపక్కల మండలాల్లో కుటుంబాలకు కుటుంబాలు ఇంటికి తాళం వేసి గుంటూరు వైపు మిరపకాయ కోతలకో, బెంగళూరుకు కట్టడాల పనికో వెళ్తాయి. సుగ్గికి పోవడమంటారు. పిల్లల బడి కూడా వాళ్లతోపాటే మూటగట్టుకుని పోతుంది. అలాంటి చోట మనిషి కదలకుండా పనే ఇంటికి రావడమన్నది చిన్న విషయమా?

పని ఇంటికి రావడం ఈ సీమలో మునుపు జరిగిందే. 1938లో మాచాని సోమప్ప ఎమ్మిగనూరులో చేనేత కార్మికుల సహకార సంఘం పెట్టారు. 1954లో, పద్మ పురస్కారాలు మొదలైన ఏడే, ఆయనకు పద్మశ్రీ వచ్చింది. మగ్గం ఇంట్లోనే. నేసేవాడికి కొనేవాడి ముఖం తెలియదు, ఆ దుప్పటి ఏ ఊళ్లో ఎవరి మంచం మీద పరుచుకుంటారో తెలియదు. తెలియకపోయినా నడిచిందంటే మధ్యలో సంఘం ఉంది. నూలు తెచ్చివ్వడం, నేసిన గుడ్డను పరిశీలించి తీసుకోవడం, అమ్మడం, కూలి లెక్కగట్టడం సంఘం పని. నేసేవాడు నేతమీదే ధ్యాస పెట్టగలిగాడు.

ఇంట్లో కూర్చుని డాలస్‌లోనో లండన్‌లోనో ఉన్న మనిషికి పనిచేసే అమ్మాయికి ఆ సంఘం లేదు. పని వెతుక్కోవడం, ధర చెప్పడం, తన పనిని తానే తప్పుబట్టుకుని దిద్దుకోవడం, డబ్బు రాబట్టుకోవడం అన్నీ ఒక్కచేతి మీదే. మధ్యలో గ్రామాల్లోకి ఈ పని తేవాలని ప్రయత్నాలు జరిగాయి. గోదావరి జిల్లాల్లో బైర్రాజు ఫౌండేషన్ గ్రామ్ ఐటీ పేరుతో ఊళ్లలోనే బీపీవో కేంద్రాలు నడిపింది. 2025లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఇంటి నుంచి పనిచేయగలవాళ్లు ఎవరెవరున్నారో గ్రామ, వార్డు సచివాలయాల సిబ్బందితో సర్వే చేయించింది. పథకాల మంచిచెడ్డలు వేరే వ్యాసం. నాకు కావలసింది చేతిలో పని.

ఒక ఉదాహరణ ఊహించుకుందాం. హాలహర్విలో బీకాం చదివిన అమ్మాయి. క్లయింటు డాలస్‌లో దంతవైద్యుడు, మనవాడే అనుకోండి. ఆయన అప్పగించిన మొదటి పని క్యాలెండరు. ప్రతి మంగళవారం పొద్దున 9 గంటలకు ఆయన లండన్‌లోని భాగస్వామితో మాట్లాడాలి. ఎవరైనా చేసేస్తారనిపించే పని. ఇప్పుడు లోపలికి చూడండి.

మామూలు చలికాలంలో డాలస్‌లో 9 అయితే లండన్‌లో మధ్యాహ్నం 3, హాలహర్విలో రాత్రి 8:30. అమెరికాలో మార్చి రెండో ఆదివారం గడియారాలను గంట ముందుకు జరుపుతారు. లండన్‌లో ఆ పని మార్చి చివరి ఆదివారం చేస్తారు. 2026లో అవి 8, 29 తేదీలు. ఆ మధ్య మూడు వారాలు డాలస్‌లో 9 అయ్యేసరికి లండన్‌లో ఇంకా 2 గంటలే. మనకు రాత్రి 7:30. మార్చి 29 దాటాక లండన్‌లో మళ్లీ 3 అవుతుంది, మనకు మాత్రం నవంబరు దాకా 7:30 అలాగే ఉంటుంది. వెనక్కి జరిపేటప్పుడు ఇంకో చిక్కు: లండన్ అక్టోబరు చివరి ఆదివారం, అమెరికా నవంబరు మొదటి ఆదివారం. అంటే ఒక వారం మళ్లీ గంట తేడా. క్లయింటు ఊరు అరిజోనాలో ఫీనిక్స్ అయితే అసలు గడియారమే జరగదు. సిడ్నీలో అక్టోబరులో ముందుకు, ఏప్రిల్‌లో వెనక్కి, అంతా తలకిందులు. మన దేశంలో గడియారం ఏడాది పొడుగునా కదలదు కనుక, ఈ గొడవ మన ఒంట్లో ఇంకదు. పని నేర్చినవాళ్లకూ మొదటి మార్చి నెల కష్టంగానే ఉంటుంది.

క్యాలెండరు సాఫ్ట్‌వేర్ ఈ లెక్కలన్నీ తనే కడుతుంది కదా అంటారు. కడుతుంది, ఆ సమావేశాన్ని ఏ ఊరి గడియారానికి కట్టాలో మనం సరిగా చెబితే. ఆ మంగళవారం మాట డాక్టరు క్లినిక్ తెరవకముందు జరగాలి, అంటే డాలస్ గడియారానికే కట్టాలి. లండన్ మనిషి పిల్లను బడి నుంచి తెచ్చుకునే వేళకు అది అడ్డొస్తే ఏం చేయాలి? ఏ గడియారం కదిలితే ఎవరి బతుకులో ఏం కదులుతుందో అడిగి తెలుసుకోవడం ఆ అమ్మాయి పని, యంత్రానిది కాదు. నిజంగా చేయి తిరిగిన అసిస్టెంటు మార్చి మొదటి వారంలో ఇద్దరికీ రెండు వాక్యాల ఈమెయిలు పంపుతుంది: వచ్చే మూడు మంగళవారాలు లండన్‌లో మీకు 2 గంటలకే పడుతుంది, ఇబ్బందైతే చెప్పండి, డాలస్‌లో 9:30కి మార్చుకునే వీలుందని డాక్టరుగారిని ముందే అడిగి ఉంచాను. ఈ చివరి ముక్క దగ్గర నేను ఆగిపోతాను. సమస్య చెప్పడానికి ముందే దాని పరిష్కారానికి అవతలివాళ్ల ఒప్పుదల తీసిపెట్టుకుంది. ఆ రెండు వాక్యాలకు ఏ కంపెనీ బోనస్ ఇవ్వదు.

తేదీల సంగతి ఇంకా చిన్నది, ఇంకా ప్రమాదకరమైంది. 04/05 అని రాస్తే డాలస్‌లో ఏప్రిల్ 5, లండన్‌లో మే 4. అందుకని మంచి పనివాళ్లు ఉత్తరంలో నెల పేరు అక్షరాల్లో రాస్తారు. ఫైళ్ల పేర్లకు మాత్రం ఏడాది ముందు, తర్వాత నెల, చివర తేదీ పెడతారు. అలా పెడితే కంప్యూటరు వాటిని తనంతట తనే వరసలో నిలబెడుతుంది. మూడేళ్ల బిల్లులున్న ఫోల్డరు తెరిచి చూడండి. ఆ వరస కుదిరి ఉంటే అక్కడ ఒక చేయి పనిచేసిందని తెలిసిపోతుంది.

ఇక ఈ వృత్తికి ఆయువుపట్టు అనదగ్గది: ప్రశ్న అడగడం.

క్లయింటు మేలుకున్నప్పుడు చాలావరకు మనం నిద్ర, మనం మేలుకున్నప్పుడు చాలావరకు ఆయన నిద్ర. ఒక ప్రశ్న పంపి జవాబు వచ్చేసరికి ఒక రోజు గడుస్తుంది. జవాబులో ఇంకో ప్రశ్న పుడితే ఇంకో రోజు. ఆఫీసులో పక్క టేబులు దగ్గరికి వెళ్లి సార్ ఇదెలా అని అడిగితే అరనిమిషంలో తేలేది ఇక్కడ మూడు రోజులు తింటుంది. కనుక దూరంలో ఉన్నవాళ్లు అడిగే ప్రశ్నకు ఒక కట్టడం ఉండాలి.

షికాగోలో ఏటా ఫిబ్రవరిలో దంతవైద్యుల పెద్ద సమావేశం జరుగుతుంది, మెకార్మిక్ ప్లేస్ అనే భవనంలో. మన డాక్టరు వెళ్తానన్నాడు, హోటల్ చూడమన్నాడు. పని రానివాళ్లు రాసే ఈమెయిలు: ఏ హోటల్ బుక్ చేయమంటారు సార్? పని వచ్చినవాళ్లు రాసేది ఇలా ఉంటుంది: మూడు చూశాను. మొదటిది సమావేశ భవనానికి లోపలి నుంచే నడక దారి ఉన్నది, ధర ఎక్కువ. రెండోది నగరం మధ్యలో, ధర తక్కువ, రోజూ రెండుసార్లు ట్యాక్సీ. మూడోది మీరు పోయినసారి దిగిన హోటళ్ల వరసదే, పాయింట్లు వాడుకోవచ్చు. ఫిబ్రవరిలో అక్కడ మంచు పడుతుంది కనుక నాకు మొదటిదే మేలనిపిస్తోంది. మీ రాత్రి 9 లోపు వేరే మాట రాకపోతే దాన్నే ఖాయం చేస్తాను. ఈ తేదీ వరకు రద్దు చేసుకున్నా డబ్బు తిరిగొస్తుంది.

దీన్ని నిదానంగా విప్పి చూస్తే నాలుగు పొరలు కనిపిస్తాయి. ఎంపికలు మూడే ఉన్నాయి. పది ఇస్తే అది సహాయం కాదు, ఇంకో బరువు. ఒక్కోదానికి మంచీ చెడూ ఒక్కో ముక్కలో ఉంది. తన అభిప్రాయం కారణంతో సహా ఉంది. హాలహర్వి ఎండలో పుట్టి పెరిగిన పిల్ల షికాగో మంచును లెక్కలోకి తీసుకుంది. చివరిది గొప్పది: ఆయన పలక్కపోయినా పని ఆగదు, అయినా నిర్ణయం ఆయన చేతిలోనే ఉంది, తప్పైతే వెనక్కి తీసుకునే దారీ ఉంది. జవాబుగా ఒక్క 'సరే' చాలు. అదీ లేకపోయినా చాలు. ఇంత చొరవ మొదటి వారంలోనే చూపకూడదన్నది నిజమే. ఎంత ఖర్చు వరకు అడగకుండా చేయవచ్చో, దేనికి తప్పక అడగాలో ముందే రాసిపెట్టుకోవాలి. ఆ హద్దు నెలనెలా కొంచెం కొంచెం జరుగుతుంటుంది. నమ్మకం పెరుగుతోందా లేదా అన్నది అక్కడే కనిపిస్తుంది, క్లయింటు పొగడ్తల్లో కాదు.

తెలియనిదాన్ని తెలియదని ఉంచడం కూడా ఇందులో భాగమే. ఈ క్రమశిక్షణ మన దగ్గర ఒక తరం ముందే వచ్చింది. 1990ల చివర్లో హైదరాబాదులో మెడికల్ ట్రాన్స్‌క్రిప్షన్ జోరుగా నడిచింది. అమెరికా డాక్టర్లు రోగి వివరాలు గొంతుతో రికార్డు చేసి పంపితే ఇక్కడివాళ్లు చెవికి హెడ్‌ఫోను, కాలికింద పెడలు పెట్టుకుని వింటూ టైపు చేసేవారు. వరసకు 65 అక్షరాల లెక్కన కూలి. కొందరు ఇళ్ల నుంచే చేసేవారు. అందులో మొదటి పాఠం: మందు పేరు స్పష్టంగా వినబడకపోతే ఊహించి రాయకు, ఖాళీ వదిలి, రికార్డులో అది ఎన్నో నిమిషంలో వచ్చిందో గుర్తు పెట్టు. ఆ ఖాళీ చేతకానితనం కాదు, రోగి ప్రాణానికి కాపలా. ఇవాళ్టి అసిస్టెంటు షీటులోనూ అలాంటి ఖాళీ గడులు కనిపిస్తే, పక్కన 'సరఫరాదారుకు ఫోన్ చేశాను, రేపు చెప్తామన్నారు' అని ఉంటే, ఆ షీటు మీద నాకు గౌరవం పుడుతుంది. అన్ని గడులూ నిండిన షీటును చూస్తేనే అనుమానం.

సరే, హాలహర్వి నుంచి మొదలుపెట్టాలంటే ఏం కావాలి? ఒక మాదిరి ల్యాప్‌టాప్, కరెంటు పోయినా రెండు మూడు గంటలు నిలిపే ఇన్వర్టరు, ఒక నెట్ కనెక్షను, అది ఆగితే ఫోనులో వేరే కంపెనీ సిమ్ము. తలుపు వేసుకోగల గది దొరికితే అదృష్టం. వీటన్నిటికంటే కష్టమైంది ఇంట్లోవాళ్లకు అర్థమయ్యేలా చేయడం. టీచరు పొద్దున పోయి సాయంత్రం వస్తుంది, అది ఉద్యోగమని అందరికీ తెలుసు. ఇది రాత్రి 7:30కి మొదలవుతుంది, సరిగ్గా రొట్టెలు కాల్చే వేళకు. "పొద్దస్తమానం ఆ పెట్టె ముందర కూచోని ఏం జేస్తాదో ఏమో" అని అత్తగారు పక్కింటామెతో అనడంలో తప్పు పట్టలేం, కంటికి కనిపించే సరుకేమీ బయటికి రావడం లేదు మరి. మొదటి డబ్బు బ్యాంకులో పడ్డాక ఆ మాట స్వరం మారుతుంది. అప్పటిదాకా సాయంత్రం పనుల పంపకం ఇంట్లో తెగించి మాట్లాడుకోవాల్సిందే. అమెరికా క్లయింట్లే కావాలని లేదు కూడా. లండన్ పగలు మనకు మధ్యాహ్నం నుంచి రాత్రి వరకు, సిడ్నీ పగలు మనకు తెల్లవారుజాము నుంచి మధ్యాహ్నం వరకు. చిన్నపిల్లల తల్లికి ఏది కుదురుతుందో ఆమే తేల్చుకోవాలి.

నేర్చుకోవలసింది అనుకున్నంత ఎక్కువ కాదు, అనుకున్నదానికంటే లోతు. జీమెయిల్‌లో లేబుళ్లు, ఫిల్టర్లు. పాస్‌వర్డ్ తీసుకోకుండానే వేరేవాళ్ల ఇన్‌బాక్స్ చూసేలా అనుమతి పొందే డెలిగేషన్ పద్ధతి. గూగుల్ క్యాలెండరులో రెండో ఊరి గడియారం పక్కనే కనిపించే ఏర్పాటు. షీట్లలో ఒక పట్టికలోని వివరాన్ని ఇంకో పట్టికలోకి లాగే వీలుకప్. పనులు ఎంతవరకు వచ్చాయో చూపే ట్రెల్లో, ఆసనా లాంటివి. ఇవన్నీ డబ్బు కట్టకుండా నేర్చుకోవచ్చు. వేలకు వేలు ఫీజు తీసుకుని నెలకు లక్ష అని ఊరించే కోర్సుల జోలికి పోవద్దని నా సలహా.

మోసాల సంగతి ఇక్కడే చెప్పాలి, ఎందుకంటే ఇంటి నుంచి పని అని వెతికినవాళ్లకు ముందు ఎదురయ్యేది పని కాదు, మోసం. డేటా ఎంట్రీ అంటారు. చదవడానికి వీల్లేని పేజీలిచ్చి వారంలో టైపు చేయమంటారు. ముందు రిజిస్ట్రేషను ఫీజు. తర్వాత నీ టైపింగులో తప్పులు మేము చెప్పిన హద్దు దాటాయి, ఒప్పందం ఉల్లంఘించావు, ఇంత కట్టకపోతే కోర్టు అని లాయరు నోటీసు లాంటిది వస్తుంది. ఊళ్లో ఆడపిల్లకు కోర్టు కాగితం అంటే భయం కదా, ఆ భయమే వాళ్ల వ్యాపారం. ఇంకోరకం టెలిగ్రామ్‌లో వీడియోలకు లైకులు కొట్టే పని. మొదట వంద రెండొందలు నిజంగానే ఇస్తారు, తర్వాత నీ చేతే డబ్బు కట్టిస్తారు. పని ఇచ్చేవాడు మన దగ్గర డబ్బు అడిగితే అది పని కాదు. ఇరుక్కున్నవాళ్లు ఆలస్యం చేయకుండా 1930కి ఫోన్ చేయాలి, అది సైబర్ నేరాల హెల్ప్‌లైను.

నిజమైన పని దొరికే వేదికలూ ఊరికే ఇవ్వవు. 2010లో మొదలైన ఫైవర్ పేరు అయిదు డాలర్ల పని నుంచే వచ్చింది. పనిచేసినవాళ్ల సంపాదనలో నూటికి ఇరవై అది తీసుకుంటుంది. అంటే అయిదు డాలర్లలో చేతికి నాలుగు, ఆ నాలుగు రూపాయలుగా మారేటప్పుడు ఇంకొంత తరుగు. అప్‌వర్క్‌కూ దాని వాటా ఉంది. మొదట్లో ఆ రేట్లు చూసి నీరుగారిపోవడం సహజం. చాలామంది గంటకు ఇంత అని మొదలుపెట్టి, ఒకరిద్దరు క్లయింట్లు నమ్మాక నెలకు ఇన్ని గంటలు అని మాట్లాడుకుంటారు. అప్పుడే ఇది జీతం రూపానికి వస్తుంది. విదేశీ డబ్బు వచ్చినప్పుడల్లా బ్యాంకు ఇచ్చే పత్రాన్ని, మనం పంపిన ఇన్వాయిస్‌ను జతచేసి దాచుకోవాలి. రిటర్ను వేసేటప్పుడు ఆదోనిలో ఆడిటరు అడిగే మొదటి కాగితాలు అవే.

హాలహర్వివాళ్లకు ఒక ఆస్తి ఉంది, దాన్ని వాళ్లు ఆస్తిగా ఎంచరు. ఇంట్లో తెలుగు, సంతలో కన్నడం, రెండూ ఊపిరంత సహజంగా వస్తాయి. బళ్లారిలోనో బెంగళూరులోనో చిన్న వ్యాపారం చేస్తూ ఆంధ్రలో కూడా సరుకు అమ్ముకునేవాళ్లకు రెండు భాషల్లో ఫోనెత్తి, వాట్సాప్‌లో జవాబిచ్చి, ఆర్డరు షీటులో ఎక్కించే మనిషి కావాలి. దానికి అమెరికా ఇంగ్లీషు అక్కర్లేదు. రాత్రి మేలుకోనూ అక్కర్లేదు.

'యువర్ మ్యాన్ ఇన్ ఇండియా' తొలి ఆలోచన గుర్తుందా? ఆదోని చుట్టుపక్కల నుంచి వెళ్లి టెక్సస్‌లోనో న్యూజెర్సీలోనో స్థిరపడిన కొడుకుకు ఇక్కడ ఎన్ని పనులో. నవంబరు వస్తే నాన్న పెన్షనుకు లైఫ్ సర్టిఫికెట్. పొలానికి మీభూమి వెబ్‌సైటులో అడంగలు, వన్‌బీ సరిగా ఉన్నాయా. స్థలానికి ఈసీ తీయించాలి. అమ్మకు బళ్లారి ఆస్పత్రిలో అపాయింట్‌మెంటు, ఆ రోజు తోడు వెళ్లే మనిషి, మందుల చీటీ ఫొటో. వీటిలో సగం తెరమీద చేసే పని, సగం తహశీల్దారు ఆఫీసులో ఎవరిని ఎప్పుడు అడగాలో తెలిసిన పని. రెండో సగం బెంగళూరు అద్దాల ఆఫీసులో కూర్చున్నవాళ్లకు రాదు. "ఆ గుమస్తన్న మధ్యాహ్నం భోంచేసినాంక దొరుకుతాడు, పొద్దున పోతే పని గాదు" అన్న జ్ఞానానికి డాలర్లలో విలువ కట్టవచ్చని ఇక్కడివాళ్లకు ఇంకా తోచినట్టు లేదు. ఇందులో జాగ్రత్త రెండింతలు ఉండాలి. ఆధార్ నంబర్లు, బ్యాంకు వివరాలు, ఆస్తి కాగితాలు చేతికొస్తాయి. పని ముగిశాక తన ఫోన్లోంచి వాటిని తీసేశానని చెప్పి, నిజంగానే తీసేసేవాళ్లనే నేను పనివాళ్లంటాను.

2022 నవంబరులో చాట్‌జీపీటీ వచ్చాక ఈ వృత్తి పోయినట్టే అన్నారు. కొంత పోయింది, ఒప్పుకోవాలి. మాటలు విని టైపు చేయడం, పది పేజీలకు సారం రాయడం, మర్యాదగా ఒక తిరస్కారపు ఉత్తరం రాయడం యంత్రమే చేస్తుంది, కొలరాడో ఉత్తరం లాంటివి నిమిషానికి నాలుగు. కానీ అలాంటి ఉత్తరం అసలు పంపాలా వద్దా, అవతలివాళ్లతో వచ్చే ఏడాది అవసరం పడుతుందా, ఈ మాట డాక్టరుగారి భార్య పేరుతో వెళ్తే బాగుంటుందా అన్నది ఆ ఇంటిని నెలల తరబడి గమనించిన మనిషికే తెలుస్తుంది. టైపింగు పరీక్షలో లోయరుకు నిమిషానికి 30 మాటలు, హయ్యరుకు 45 అని ఒకప్పుడు మన ఇన్‌స్టిట్యూట్లలో వేగాన్ని కొలిచేవారు. వేగానికి ఇక ధర లేదు. కొత్తగా వచ్చేవాళ్లు యంత్రం చేత రాయించి, తాము దిద్దడం నేర్చుకోవాలి. దిద్దాలంటే మంచి ఉత్తరం ఎలా ఉంటుందో ముందు తెలియాలి, దానికి దగ్గరి దారి లేదు.

నాకు ఈ పనిలో అన్నిటికంటే ఇష్టమైన వస్తువు ఒక పత్రం. ఎస్ఓపీ అంటారు, ఏ పని ఎలా చేయాలో అంచెలంచెలుగా రాసిపెట్టుకున్న కాగితం. మంచి అసిస్టెంటు ఒక పని రెండోసారి చేస్తున్నప్పుడే దాన్ని రాయడం మొదలుపెడుతుంది. ప్రతి నెలా 1న సరఫరాదారుల బిల్లులు ఈ ఫోల్డరులోకి; ఫలానా కంపెనీ బిల్లు ఆలస్యంగా వస్తుంది, 5 దాకా ఆగి గుర్తుచేయాలి; ఫలానా ఆయనకు ఈమెయిలు పనిచేయదు, ఫోనే; డాక్టరుగారు శుక్రవారం మధ్యాహ్నం కొత్త నిర్ణయాలు అడిగితే చిరాకుపడతారు, సోమవారానికి ఉంచాలి. పక్కన తెరమీది బొమ్మలు, ఎక్కడ నొక్కాలో ఎర్రగీత. చివర తేదీ, ఎప్పుడు మార్చిందీ ఎందుకు మార్చిందీ.

తన బదులు ఇంకొకరు వచ్చి పని అందుకునేలా రాసిపెట్టడం తన ఉద్యోగానికే ముప్పు కదా అని కొత్తవాళ్లు అడుగుతారు. పాతకాలం ఆఫీసుల్లో కొందరు గుమస్తాలు ఫైలు ఎక్కడుందో తమకొక్కరికే తెలిసేలా చూసుకునేవారు, దానిలో వాళ్లకు కొంత బలం ఉండేది. దూరపు కొలువులో అది చెల్లదు. ఊళ్లో జాతర, ఇంట్లో పెళ్లి, బిడ్డకు జ్వరం వస్తాయి. రెండు రోజులు సెలవు పెట్టాలంటే ఈ పత్రం చూసి ఎమ్మిగనూరులో ఉన్న స్నేహితురాలు ఆ పని నడిపించగలగాలి. అలా ఇద్దరు ముగ్గురు ఒకరి క్లయింట్లను ఒకరు చూసుకోవడం మొదలుపెట్టినచోట ధర మాట్లాడటం కూడా కలిసే సాగుతుంది. ఒకరి పనిని ఇంకొకరు పంపేముందు చదివి తప్పులు పట్టగలుగుతారు. పని ఎక్కువొస్తే ఆలూరులో ఇంకొకరిని కలుపుకుంటారు. ఆ ముగ్గురూ నెలకోసారి ఆదోనిలో కలిసి లెక్కలు చూసుకుంటే, సోమప్ప సంఘం చేసిన పనుల్లో సగం వాళ్ల చేతుల్లోకి వచ్చినట్టే. మిగతా సగం, పని తెచ్చిపెట్టడం, ఇప్పటికి ఆ వేదికల చేతిలోనే ఉంది, నూటికి ఇరవై చొప్పున.